మలక్కాలో ఒక పూట

మలక్కా జలసంధి ఎక్కడనున్నదని యడిగినచో మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి విద్యార్థులు తడుముకొనక చెప్పుదురు. మలయా ద్వీపకల్పమునకును సుమత్రా ద్వీపమునకును నడుమనున్న ఇఱుకు సముద్రమే అది. కాని ఆ జలసంధికి తన పేరిచ్చిన పట్టణమెట్టిదని యడిగినచో చెప్పగలవారు అరుదు. మేమును నిన్నమొన్నటివఱకు ఎఱుగము. గత వేసవి సెలవులలో మలేషియా రాజధానియగు కౌలాలంపూరులో బంధువులయింట కొలది దినములుండు అవకాశము కలుగగా, అందొక పూట మలక్కాకు పోయి చూచి వచ్చితిమి. ఉపాధ్యాయులము మేమిరువురమే. చూచినది అర్ధదినమే కనుక అంతయు చూచితిమని చెప్పము. అయినను ఆ యూరిలో ఒక మాటను గూర్చి మేము తెలిసికొన్నది మా విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును చెప్పవలెనని తోచినది.

మమ్ము తీసికొనిపోయిన మోటారుకారు యజమానియే దానిని నడిపెను. ఆయన అరువదియైదేండ్ల తెలుగువాడు. ఆయన తాత శ్రీకాకుళము ప్రాంతమునుండి పేరాక్ రాష్ట్రములోని కొబ్బరితోటల పనికి వచ్చి అచ్చటనే స్థిరపడెనట. మనుమడు తెలుగు మన ఉత్తరాంధ్రపు యాసతో తియ్యగా మాటలాడును గాని, చదువుటయు వ్రాయుటయు నేర్వలేదు. తెల్లవాఱుజామున బయలుదేఱి, ఆగ్నేయముగా ఇంచుమించు 150 కిలోమీటర్లు పోయి, ఎండ యెక్కకమునుపే ఊరు చేరితిమి.

మొదట చూచినది నదిని. నదియనగానే గోదావరిని తలంచుకొను మనకు మలక్కానది ఒక పంటకాలువవలె కనబడును. ఇరుప్రక్కల సిమెంటు గోడలు కట్టిరి. ఒడ్డునున్న ఇండ్ల వెనుకగోడలకు రంగురంగుల బొమ్మలు వేసిరి. యాత్రికులను త్రిప్పు పడవలు తప్ప సరకు పడవయొక్కటియు మాకు కానరాలేదు. ఇంత చిన్న యేటికొఱకా మూడు ఐరోపా జాతులు యుద్ధములు చేసినవి? మా ఆశ్చర్యము ముఖమున కనబడెను కాబోలు, పెద్దాయన నవ్వి, “ఏరు చూసి కాదు బాబూ, గాలి చూసి వచ్చేరు” అనెను. ఆ మాటలో భూగోళ పాఠమంతయు ఇమిడియున్నది.

తెరచాపల కాలమున ఓడ తన ఇష్టము వచ్చినపుడు పోలేదు. నైరుతి ఋతుపవనము వీచు నెలలలో హిందూదేశమునుండియు అరబ్బు దేశములనుండియు ఓడలు తూర్పునకు వచ్చును. ఈశాన్య ఋతుపవనము వీచు నెలలలో చైనా ఓడలు దక్షిణమునకు దిగును. రెండు గాలులును ముగియుచోట, సుమత్రా కొండలు తుపానులకు అడ్డునిలుచు ప్రశాంతజలములలో, మలక్కాయున్నది. వచ్చిన వర్తకుడు తన సరకునమ్మి ఎదుటివాని సరకు కొని, గాలి తిరుగువఱకు నెలల తరబడి అచ్చటనే యుండవలెను. ఉండవలసివచ్చినవాడు ఇల్లు కట్టుకొనును. సరకు దాచుకొనుటకు గిడ్డంగి కట్టుకొనును. ఈ గిడ్డంగియను మాటనే చూడుడు. మలేభాషలో దీనిని గుడాంగ్ అందురు. మన గిడ్డంగినుండియో తమిళుల కిటంగునుండియో అది అచ్చటికి పోయెనని పండితుల అభిప్రాయము. అచ్చటినుండి పోర్చుగీసువారి నోటబడి, ఆంగ్లేయుల నోటబడి, గోడౌను అను పేరుతో మఱల మన రేవులకే తిరిగివచ్చినది! మాటలును ఓడలవలెనే పోయి వచ్చుచుండును.

ఊరి పేరును మనకు దూరమైనది కాదు. ఇంచుమించు 1400వ సంవత్సరమున పరమేశ్వరుడను రాజకుమారుడు రాజ్యము కోలుపోయి ఈ యేటి మొగకు వచ్చి ఒక చెట్టునీడన విశ్రమించెనట. కుందేలంత జింకయొకటి ఆయన వేటకుక్కను తన్ని నీట పడవైచెనట. ఇంత చిన్న జంతువునకు ఇంత ధైర్యమిచ్చిన నేల మంచిదని తలంచి అచ్చటనే ఊరు కట్టి, నీడనిచ్చిన చెట్టు పేరే దానికి పెట్టెనట. ఇది కథయే. కాని చెట్టు మాత్రము నిజము. పెద్దాయన దారి ప్రక్కన మలకా చెట్టు నొకదానిని చూపగా దాని ఆకులు చూచి మేమిరువురము ఒక్కసారిగా “ఉసిరి!” అని కేకవేసితిమి. ఆమలకమను సంస్కృతపదమే మలేభాషలో మలకాయైనదని చెప్పుదురు. ఇంటిపెరటిలోని చెట్టు పరదేశమున ఒక మహాపట్టణపు పేరై కనబడుట మాకు వింతయైన సంతోషమును కలిగించెను.

పరమేశ్వరుని వంశపు సుల్తానుల కాలమున ఈ రేవున పరదేశ వర్తకులను విచారించుటకు నలుగురు షాబందరు లుండెడివారు. గుజరాతీయులకు ఒకడు, దక్షిణహిందూదేశము, వంగదేశము, పెగూ మొదలైనవానికి ఒకడు, జావా మొదలగు దీవులకు ఒకడు, చైనా మొదలగు తూర్పు దేశములకు ఒకడు. షాబందరు అను పారశీకపదమునకు రేవునకు రాజని యర్థము. మచిలీబందరులోని బందరును అదియే. తోమె పిరెష్ అను పోర్చుగీసు వ్రాతగాడు 1512 మొదలు 1515 వఱకు నడుమ వ్రాసిన గ్రంథమున మలక్కా వీథులలో 84 భాషలు వినబడునని చెప్పెను. లెక్క కొంత పెంచెనేమో చెప్పలేము గాని, గాలికొఱకు వేచియుండు ఊరిలో అట్టి కలకలము సహజమే.

ఇట్టి యూరిపై అన్యుల కన్నుపడుటయు సహజమే. 1511లో అల్బుకర్కు దీనిని పట్టుకొనెను. మసీదుల రాళ్లను, రాజుల సమాధుల రాళ్లను ఊడదీసి పోర్చుగీసువారు యేటి యొడ్డున గొప్ప కోట కట్టిరి. దానిలో నేడు మిగిలినది సంత్ జాగో ద్వారమను ఒక్క గుమ్మము. 1807లో మలక్కాను తాత్కాలికముగా ఏలుచున్న ఆంగ్లేయులు, దీనిని మఱల ఒలందావారికి అప్పగింపవలసి వచ్చునను ఆలోచనతో, కోటను తుపాకిమందు పెట్టి ప్రేల్చివేసిరి. ఆ గుమ్మమైనను దక్కుట స్టాంఫర్డ్ రాఫిల్సు చలువయని చెప్పుదురు. కోట కూలుట కన్నులార చూచిన మలక్కా బాలుడొకడు పెద్దవాడై ఆ సంగతి తన స్వీయచరిత్రమున వ్రాసెను. అతడే అబ్దుల్లా మున్షీ. అరబ్బు రక్తమును తమిళ రక్తమును కలిసిన కుటుంబమున పుట్టి, మలేభాషలో నవీన గద్యమునకు దారి తీసిన రచయిత. రాఫిల్సునకు వ్రాయసకాడు, మిషనరీలకు భాష నేర్పిన గురువు. ఆ మిషనరీలలోనివాడైన విలియం మిల్నును, చైనాలో పనిచేసిన రాబర్టు మారిసనును కలిసి 1818లో ఈ యూర ఆంగ్ల చైనా కళాశాలను స్థాపించిరి. అది 1843లో హాంగుకాంగునకు తరలిపోయెను. మిషను పాఠశాలవారమగు మేము ఆ స్థలమెచ్చటనని పలువురను అడిగితిమి గాని అర్ధదినపు యాత్రికులకు అంత తీరిక దొరకలేదు.

గుమ్మము వెనుక మెట్లెక్కినచో సెయింటు పాలు కొండ. కొండయనుటకంటె మెట్టయనుట మేలు. మీద 1521లో పోర్చుగీసువారు కట్టిన గుడి కప్పులేక గోడలతో నిలిచియున్నది. ఫ్రాన్సిస్ సేవియరు శరీరమును 1553లో గోవకు తీసికొనిపోవుటకు ముందు కొంతకాలమిందే యుంచిరి. లోపల గోడలకు ఒలందావారి సమాధిఫలకములు నిలువున ఆనించియున్నవి. మనుష్యునికంటె పొడవైన ఆ రాతిపలకల పైని ఓడలును, కవచములును, కపాలములును చెక్కియుండుట చూడగా మాకు భీమునిపట్టణములోని ఒలందావారి సమాధులు మనసున మెదలినవి. మెదలుట ఊరక కాదు. ఒలందావారు సుగంధద్రవ్యముల దీవులకు పోయినపుడు అచ్చటివారు వెండికంటె కోరమండల తీరపు నూలుబట్టలనే ఎక్కువ కోరిరి. ఆ బట్టలకొఱకే వారు 1605 ప్రాంతమున మచిలీపట్టణమున, 1610లో పులికాటులో కొట్లు పెట్టిరి. తరువాత 1641లో కొన్ని నెలల ముట్టడి పిమ్మట పోర్చుగీసువారినుండి మలక్కాను గెలిచికొనిరి. కడపట 1824లో ఆంగ్లేయులకును ఒలందావారికిని జరిగిన ఒక్క ఒడంబడికచేతనే మలక్కాయు, మన తీరమున వారికి మిగిలియున్న భీమునిపట్టణము, జగన్నాథపురము, పాలకొల్లు మొదలగు స్థలములును ఆంగ్లేయుల వశమైనవి. మన చరిత్రపాఠమును వారి చరిత్రపాఠమును ఒకే కాగితముపై వ్రాలుపడినవన్నమాట.

కొండ దిగిన వెంటనే ఎఱ్ఱరంగు కట్టడముల మైదానము. 1650 ప్రాంతమున ఒలందావారు కట్టిన గవర్నరు నివాసము నేడు వస్తుప్రదర్శనశాల. ప్రక్కనున్న క్రైస్టు చర్చి, ఒలందావారి విజయమునకు నూఱేండ్లు నిండిన 1741లో తలపెట్టగా 1753లో ముగిసెను. ఇవియన్నియు మొదట తెల్లనివే. ఎఱ్ఱరంగు ఆంగ్లేయుల కాలపుది. ముందు పూలతోను బొమ్మలతోను అలంకరించిన మూడుచక్రముల రిక్షాలు గట్టిగా పాటలు మ్రోయించుచు తిరుగుచున్నవి. మేము అచ్చట ఎక్కువసేపు నిలువలేదు.

వంతెన దాటి ఆవలియొడ్డునకు పోతిమి. వర్తకులు కాపురముండిన వీథులు ఇవియే. ముఖము సన్నము, లోపల అతి పొడవుగల ఇండ్లు. వీథుల పేళ్లే వృత్తులను చెప్పును: ఒకటి కంసాలి వీథి, వేఱొకటి కమ్మరి వీథి. పటమును చేతబట్టి చూచుచు మేము బిగ్గరగా, “తాతా, క్లింగు పేట మసీదు ఎటు?” అని యడిగితిమి. పటములో అట్లే వ్రాసియున్నది. మసీదు పేరును అదియే. పెద్దాయన చటుక్కున మా చేయి పట్టుకొని, “ఆ మాట పైకి అనకండి బాబూ” అనెను.

మేము క్షమాపణ కోరి కారణమడిగితిమి. ఆయన కొంతదూరము మాటలాడక నడచి పిమ్మట చెప్పెను. “నా చిన్నప్పుడు బడిలో ఆ మాటతోనే నన్ను ఏడిపించేవోరు. మా అయ్యను తోటలో దొరల కింద మేస్త్రీలు ఆ మాటతోనే పిలిచేవోరు. ఎనకటికి మనోళ్లను ఖైదీలుగా ఓడల్లో తెచ్చి, కాళ్లకు సంకెళ్లేసి రోడ్లు ఏయించేరట. నడుస్తుంటే సంకెళ్లు క్లింగు క్లింగుమనేవట. అదీ ఆ పేరు.” ఆయన దీనిని కోపముతో చెప్పలేదు, అందఱెఱిగిన సంగతి చెప్పినట్లు చెప్పెను. ఆ దేశమున హిందూదేశపు సంతతివారిని నేడు ఆ మాటతో పిలుచుట నిందయని మాకు అపుడు తెలిసినది.

సంకెళ్ల కథలో కొంత నిజమున్నది. 19వ శతాబ్దమున హిందూదేశమునుండి ఖైదీలను సింగపూరు, మలక్కా, పినాంగులకు తెచ్చి వారిచేత దారులును కట్టడములును నిర్మింపజేసిరి. కాని పేరు వారినుండి పుట్టినదనుట పొసగదు. ఖైదీలు రాక ముప్పదియైదేండ్లకు పూర్వమే కాదు, మూడువందల ఏండ్లకు పూర్వమే పోర్చుగీసువారి వ్రాతలలో మలక్కాలోని దక్షిణహిందూ వర్తకులకు ఆ పేరున్నది. అంతకు ఐదువందల ఏండ్లకు పూర్వము, 11వ శతాబ్దపు జావా శాసనములలో పరదేశీయుల పేళ్లను చెప్పుచోట క్లింగు అని చెక్కియున్నది. పండితులు దాదాపు ఏకగ్రీవముగా చెప్పునది, ఆ మాట కళింగమునుండి వచ్చినదని. మహానది మొదలు గోదావరి వఱకు సాగిన ఆ తీరమునుండి మొట్టమొదట వచ్చినవారి పేరు, తరువాత వచ్చిన దక్షిణాదివారందఱకును అంటుకొన్నది. కనుక మలక్కాలోని క్లింగులందఱును తెలుగువారే యని గొప్పలు చెప్పుకొనుట తప్పు. వారిలో అధికులు తమిళులు. పేరు కళింగము, పేరు మోసినవారు పలువురు.

ఆ పేరుగలవారు ఖైదీలు కారు, ధనికులు. పోర్చుగీసువారు పట్టణమును గెలుచుటకు పూర్వము ఖైదులోనున్న వారి మనుష్యులకు అన్నవస్త్రములిచ్చి ఆదుకొన్నవాడు నైనా చాటు అను క్లింగు వర్తకుడు. 1511 పిమ్మట అతనిని హిందువులపై బెండహారగా నియమించిరి. బెండహారయన కోశాధికారి, మంత్రి. మన భాండారమే ఆ మాటకు మూలము. 1514లో ఆ పదవిని అతనినుండి తీసి వేఱొకరికిచ్చిరి. ఆ అవమానమును సహింపలేక అతడు ప్రాణము విడిచెను. చేసిన మేలును మఱచుట రాజ్యమేలువారికి క్రొత్త కాదు.

ఇవన్నియు మేము నడివీథిలో ఒక్కసారిగా చెప్పలేదు. మసీదులో నీడను కూర్చుండి, ముక్కలుముక్కలుగా, ఆయన అడిగినకొలది చెప్పితిమి. ఆ మసీదు హిందూదేశపు ముస్లిము వర్తకులు 1748లో కఱ్ఱతో కట్టినది. 1872లో ఇటుకతో మఱల కట్టిరి. దానికి గుమ్మటము లేదు. మూడంతస్తుల కోసుకప్పును, చైనా గోపురమువంటి మీనారును, ఐరోపా పింగాణి పలకలును, గ్రీకు మాదిరి స్తంభములును కలిసియున్నవి. కొలది అడుగుల దూరమున 1781లో చెట్టిసమాజపు పెద్ద ఒలందా ప్రభుత్వమిచ్చిన స్థలమున కట్టించిన వినాయకుని గుడి. మఱికొంత దూరమున, కప్పుపై పింగాణి పెంకులతో పూవులును పక్షులును తీర్చిన 17వ శతాబ్దపు చైనీయుల చెంగ్ హూన్ తెంగ్ ఆలయము. ఒక్క వీథిలో మూడు మతముల ప్రార్థన, ఒకరి గంట ఒకరికి వినబడుచు, రెండువందల ఏండ్లకు పైగా సాగుచున్నది.

వినాయకుని గుడి కట్టిన చెట్టిల సంగతి ఒక్కమాట చెప్పక తప్పదు. వీరు సుల్తానుల నాడే వచ్చి స్థానిక స్త్రీలను పెండ్లాడి నిలిచిపోయిన వర్తకుల సంతతివారు. ఇంటి భాష మలే. పూర్వుల భాష మఱచిరి. స్త్రీలు కట్టునది మలేవారి సారోంగు. కాని దేవతలను మఱువలేదు. సంక్రాంతికి ముందునాడు అరటియాకులలో పితరులకు అన్నము పెట్టుదురు. ఆ దినమునకు వారి నోట నేటికిని నిలిచిన పేరు భోగి. వారి పేట ఊరి వెలుపల గజబెరాంగ్ అను చోట నున్నది. సమయము చాలక పోలేకపోతిమి. ఇది మాకు మిగిలిన కొఱత.

పండ్రెండు గంటలు దాటెను. ఎండ నిప్పులు చెఱగుచుండగా తిరిగి యేటి మొగకు వచ్చితిమి. ఇచ్చట రేవు ఏమైనదని విద్యార్థులు అడుగవచ్చును. యేఱు తెచ్చిన ఒండ్రు మొగను పూడ్చివేసెను. పెద్ద ఓడలు దూరముగా సముద్రముననే లంగరు వేయవలసివచ్చెను. 1786లో పినాంగు, 1819లో సింగపూరు ఆంగ్లేయుల రేవులై వర్తకమును లాగికొనినవి. కోరంగి రేవు పూడిన కథ విన్న గోదావరి మండలమువారికి దీనిని విప్పి చెప్పనక్కఱలేదు. పూర్వము కోటగోడకు చేరువగా తాకుచుండిన సముద్రమును ఇటీవల మట్టిపోసి వెనుకకు నెట్టి, ఆ నేలపై అంగళ్ల మేడలు కట్టిరి. వర్తకము పోవుటచేత పడగొట్టి క్రొత్తవి కట్టువారు లేక పాతవీథులు దక్కినవి. 2008లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్కృతి సంస్థ ఈ యూరిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

పెద్దాయన గట్టున కూర్చుండి చాలసేపు నీటివంక చూచుచుండెను. పిమ్మట, “మా తాత వంశధార, వంశధార అనేవోడు. కళింగపట్నంలో సముద్రం కాడ ఆడుకున్నానని చెప్పేవోడు” అనెను. వంశధార సముద్రములో కలియుచోటనే ఆ రేవుపట్టణమున్నదని మేము చెప్పితిమి. “అయితే బాబూ, నన్ను ఏడిపించింది మా తాత ఊరి పేరెట్టేనా?” అని యడిగెను. అవునంటిమి. ఆయన నవ్వలేదు, ఏడ్వలేదు. చొక్కా జేబునుండి పెట్రోలు రసీదు నొకదానిని తీసి, వెనుకవైపు త్రిప్పి, ఆ మాటను తెలుగున వ్రాయుమనెను. కళింగము అని పెద్ద అక్షరములతో వ్రాసియిచ్చితిమి. వ్రేలితో ఒక్కొక్క అక్షరమును తడవి, ఎన్ని అక్షరములని యడిగి, నాలుగనగా తల ఊచి, కాగితమును నలుగకుండ మడిచి జేబులో పెట్టుకొనెను. రెండు గంటలకు కౌలాలంపూరు దారి పట్టితిమి.